గుమ్మడి పిందె రాలుతోందా? మందు కాదు, పూలు చూడండి!

గుమ్మడి పాదు విరగబూసినా పిందె నిలవడం లేదా? పురుగు, పుచ్చు కనబడకపోతే మందు జోలికి పోకండి. ముందు పూలను గమనించండి.

గుమ్మడిలో మగపూలు, ఆడపూలు వేరువేరు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడది, వట్టి కాడే ఉంటే మగది. సాధారణంగా మొదట పూసేవి మగపూలే. అవి రాలిపోయాయని దిగులు పడనక్కర్లేదు.

మగపువ్వు పుప్పొడి ఆడపువ్వు నడుమనున్న కీలాగ్రానికి చేరితేనే గింజ కట్టి పిందె ఊరుతుంది. చేరకపోతే పిందె పసుపుబారి రాలుతుంది. అరకొరగా చేరితే కాయ వంకరపోతుంది. ఈ పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలికి ఎగరదు. దాన్ని మోసేవి ముఖ్యంగా తేనెటీగలు. పొద్దున్నే మందు కొడితే అవే చస్తాయి, ఉన్న కాపూ పోతుంది.

గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నంలోగా ముడుచుకుంటుంది. మందు తప్పనిసరైతే సాయంత్రమే కొట్టండి.

తేనెటీగలు తక్కువగా ఉంటే పొద్దున్నే, అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా రాయండి. బీర, సొర పాదులకైతే ఇదే పని సాయంత్రం పూలు విచ్చాక చేయాలి. పైసా ఖర్చు లేదు, కాస్త ఓపిక చాలు.