ఇంటివద్ద డయాలసిస్‌కు గొట్టమే ప్రాణాధారం

న్యూఢిల్లీ: మూత్రపిండాలు పూర్తిగా విఫలమైన రోగులు ఇంటివద్దనే రక్తశుద్ధి చేసుకునే వీలున్న పెరిటోనియల్ డయాలసిస్‌ను జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో చేర్చేందుకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019లో మార్గదర్శకాలు వెలువరించింది. అయితే ద్రావణం సంచులు సరఫరా చేసినంత మాత్రాన ఈ విధానం ఫలించదు. రోగి కడుపులో అమర్చే సన్నని గొట్టం సక్రమంగా పనిచేయడంపైనే చికిత్స యావత్తూ ఆధారపడి ఉన్నది.

దేశంలో ఏటా సుమారు 2.2 లక్షల మంది కొత్తగా ఈ దశకు చేరుతున్నారని, డయాలసిస్ అవసరంలో సగమే తీరుతున్నదని 2016-17 బడ్జెట్ ప్రసంగంలో నాటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ వెల్లడించారు. ఒక్కో దఫాకు దాదాపు 2,000 రూపాయల వంతున ఏడాదికి 3 లక్షలకు పైగా ఖర్చవుతున్నదని, అత్యధిక కుటుంబాలు తరచు దూరప్రయాణాలు చేయవలసి వస్తున్నదని కూడా ఆయన పేర్కొన్నారు. ఆ ప్రయాణాలను తప్పించగలగడమే పెరిటోనియల్ విధానంలోని ప్రధాన సౌలభ్యం.

ఈ విధానంలో ఉదరకుహరంలోని పలుచని పొరే జల్లెడగా ఉపకరిస్తుంది. గొట్టం ద్వారా సాధారణంగా 2 లీటర్ల ద్రావణాన్ని లోనికి పంపి, కొన్ని గంటల అనంతరం మలినాలతో సహా వెలికి తీస్తారు. రోజుకు మూడు, నాలుగు పర్యాయాలు చేతితోనే మార్చుకునే పద్ధతికి యంత్రంతో పనిలేదు. నేటికీ విరివిగా వాడుతున్న సిలికోన్ గొట్టాన్ని 1968లో అమెరికాలోని సియాటిల్ నగరంలో హెన్రీ టెంకాఫ్ ప్రవేశపెట్టారు. దానికున్న రెండు డ్యాక్రాన్ పట్టీలను చుట్టూ ఉన్న కణజాలం పట్టి ఉంచడంతో గొట్టం కదలదు, సూక్ష్మజీవులు లోనికి పాకవు.

గొట్టం కొన పొత్తికడుపు అడుగుభాగానికి చేరాలి. చర్మం నుంచి వెలుపలికి వచ్చే రంధ్రం పైవైపునకు కాక కిందికో, పక్కకో తిరిగి ఉండాలి. నడుము వద్ద దుస్తులు బిగించి కట్టే చోటును తప్పించేందుకు రోగిని కూర్చోబెట్టి, నిలబెట్టి ముందే గుర్తు పెట్టుకోవాలి. అమర్చేముందు విరేచనం, మూత్రవిసర్జన పూర్తికావాలి. ఒక మోతాదు యాంటిబయాటిక్ ఇవ్వాలి. గాయం మానేందుకు వీలైనంతవరకు రెండు వారాలు ఆగి, ఆ తరువాతనే పూర్తిస్థాయిలో వాడటం శ్రేయస్కరం.

ద్రావణం వెనుకకు రాకపోతే గొట్టం పాడైందని వెంటనే నిర్ధారించరాదు. మలబద్ధకం వల్లనే తరచు ఈ పరిస్థితి తలెత్తుతుంది. సాధారణ విరేచనకారి మందుతోనే అనేక సందర్భాలలో ప్రవాహం పునరుద్ధరణ అవుతుంది. బయటికి వచ్చిన ద్రావణం బియ్యం కడిగిన నీళ్లలా మసకబారినా, కడుపునొప్పి వచ్చినా అది ఉదరపొరకు సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. ఒక్కరోజు కూడా జాప్యం చేయక ఆసుపత్రికి చేరాలి. రోగికి ఇటువంటి ఇన్ఫెక్షన్లు ఏడాదికి సగటున 0.4 మించరాదని అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సంఘం 2022లో సూచించింది.

చేతులు శుభ్రంగా కడుక్కోవడం, రంధ్రం వద్ద నిర్దేశించిన లేపనం రాయడం వంటివి రోగికీ, కుటుంబ సభ్యులకూ ఓపికగా నేర్పవలసిన పనులు. జిల్లా స్థాయిలో గొట్టం అమర్చగల వైద్యులు, ఈ శిక్షణ ఇవ్వగల నర్సులు కొరవడితే చిన్న అవరోధానికే గొట్టాన్ని తొలగించవలసి వస్తుంది. అప్పుడు గ్రామీణ రోగికి వారానికి రెండు, మూడుసార్లు పట్టణానికి ప్రయాణం తిరిగి తప్పదు. కనుక ఎన్ని సంచులు పంపిణీ చేశారన్నది కాక, ఏడాది తరువాత ఎన్ని గొట్టాలు పనిచేస్తున్నాయన్నదే ఈ పథకానికి అసలైన గీటురాయి.