తెరపై ఒత్తు ఎలా నిలుస్తుంది? బ్రౌజర్ గ్రాఫిక్స్ కోడ్‌ను కాపాడే పని

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున అమ్రోలి ఉంది. మరమగ్గాల షెడ్లు, వాటి చుట్టుపక్కల కార్మికుల గదులు ఉండే ప్రాంతం. బతుకుదెరువు కోసం తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాత్రి షిఫ్టు దిగిన ఒక తెలుగు కార్మికుడు అమ్రోలిలోని తన గదిలో పాత ఫోను తెరిచి, సొంతూరి వార్తలు చదువుతున్నాడనుకుందాం. వేలితో తెరను పైకి తోస్తున్నాడు, వార్త కదులుతోంది. మధ్యలో ‘విజ్ఞానం’ అనే మాట వచ్చింది. జ కింద ఞ ఒత్తు ఉంది, జకు దీర్ఘం ఉంది. అతడు చదివి ముందుకు వెళ్లిపోయాడు.

ఆ ఒత్తు అక్కడే ఎలా నిలిచిందని అతడు ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం రాలేదంటే, బ్రౌజర్‌లో బొమ్మ గీసే కోడ్ తన పని సరిగ్గా చేసిందన్నమాట. దీన్నే గ్రాఫిక్స్ కోడ్ అంటారు. ఒకసారి రాసి వదిలేస్తే ఇది ఎల్లకాలం పనిచేయదు. కొత్త ఫోన్లు, కొత్త ఫాంట్లు, కొత్త రకం చిత్రాలు వచ్చినప్పుడల్లా దాన్ని సరిచేస్తూ ఉండాలి. ఆ పని ఎలా జరుగుతుందో, అందులో తెలుగు చదివేవారి పాత్ర ఏమిటో చూద్దాం.

పేజీ నుంచి బొమ్మ వరకు

ఇంటర్నెట్ నుంచి ఫోనుకు చేరేది పేజీ బొమ్మ కాదు, దాన్ని ఎలా తయారుచేయాలో చెప్పే రాత. ఏది శీర్షిక, ఏది పేరా, ఏ రంగు, ఎంత పరిమాణం అన్నవి అందులో ఉంటాయి. బ్రౌజర్ మొదట ఆ రాతను చదివి, భాగాలన్నిటినీ కొమ్మలున్న చెట్టులా అమర్చుకుంటుంది. తర్వాత ఒక్కో భాగానికి రంగు, పరిమాణం నిర్ణయిస్తుంది. ఆపైన ఏది ఎక్కడ ఉండాలో, ఏ వరుస ఎక్కడ విరగాలో లెక్క కడుతుంది. ఇంతవరకూ తెరపై ఒక్క చుక్క కూడా పడలేదు.

ఇక్కడి నుంచి గ్రాఫిక్స్ కోడ్ పని మొదలవుతుంది. ‘ఇక్కడ తెల్ల చతురస్రం, దాని మీద ఈ అక్షరాలు, పక్కన ఈ ఫొటో’ అంటూ గీయాల్సిన వాటి జాబితా తయారవుతుంది. ఆ జాబితాను పిక్సెళ్లుగా, అంటే తెరమీది చిన్న చిన్న రంగు గడులుగా మార్చాలి. పేజీలోని పొరలను ఒకదానిమీద ఒకటి పేర్చి తెరకు పంపాలి.

దీనికి దొరికే సమయం చాలా తక్కువ. మామూలు ఫోను తెర సెకనుకు 60 సార్లు కొత్తగా మారుతుంది. అంటే ఒక్కో బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. సెకనుకు 120 సార్లు మారే తెరలపై అది 8.3 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. ఆ గడువు దాటితే పాత బొమ్మే ఇంకోసారి కనిపిస్తుంది. పేజీ కదులుతూ కదులుతూ తడబడినట్టు మనకు అనిపించేది అప్పుడే. అందుకే బ్రౌజర్లు ప్రతిసారీ అంతా కొత్తగా గీయవు. మారిన భాగాన్నే గీసి, మిగిలినదాన్ని దాచుకున్న చోటు నుంచి తీసుకుంటాయి. అక్షరాల విషయంలోనూ అంతే. ఒకసారి గీసిన ‘క’ను దాచుకొని, మళ్లీ వచ్చినప్పుడు దాన్నే వాడతాయి.

8 సంకేతాలు, 3 అక్షరాలు

‘విజ్ఞానం’ మాటలో మనకు కనిపించేవి 3 అక్షరాలు: వి, జ్ఞా, నం. కంప్యూటర్ దాచుకునేది మాత్రం 8 యూనికోడ్ సంకేతాలు: వ, గుడి, జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్న. ‘జ్ఞా’ ఒక్కదానికే 4 సంకేతాలు. వరుసలో దీర్ఘం ఞ తర్వాత వస్తుంది, కానీ తెరపై అది జకు అతుక్కోవాలి. ఞ మాత్రం ఒత్తుగా మారి కిందికి దిగాలి.

ఈ మార్పు చేసే దశను ఆకృతీకరణ అనవచ్చు. ఏ సంకేతాలు కలిస్తే ఏ రూపం రావాలో చెప్పే పట్టికలు ఫాంటులోనే ఉంటాయి. వాటిని చదివి అమలు చేసేది మరో కోడ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ ఈ పనికి హర్ఫ్‌బజ్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్‌ను వాడతాయి. ‘ఓపెన్‌టైప్’ అన్న పేరును పర్షియన్‌లోకి మారిస్తే వచ్చిన పేరు అది. అచ్చు గుర్తుకు ముందు హల్లు లేకుండా పొరపాటున టైపు చేస్తే, చుక్కల వలయం మీద గుడో కొమ్మో నిలబడటం మీరు చూసే ఉంటారు. ‘ఈ గుర్తుకు ఆధారం దొరకలేదు’ అని ఆ కోడ్ చెప్పే తీరు అది.

రూపం తేలాక దాన్ని గడుల్లో నింపాలి. ఫాంటులో అక్షరం వంపు గీతల గణితంగా ఉంటుంది. తెర మాత్రం గడులతోనే నిండి ఉంటుంది. జకార్డు మగ్గానికి డిజైను వేసేవారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. గ్రాఫ్ కాగితం మీద మామిడిపిందె గీయాలంటే వంపును గడి గడిగా మార్చాలి, దగ్గరగా చూస్తే అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. తెరకు మగ్గం కంటే ఒక వెసులుబాటు ఎక్కువ. వంపు ఒక గడిలో సగమే ఆక్రమిస్తే, ఆ గడికి సగం నలుపు వేయవచ్చు. కళ్లకు అంచు నునుపుగా కనిపిస్తుంది. తెలుగు లిపిలో వంపులే ఎక్కువ కాబట్టి చిన్న పరిమాణంలో ఈ లెక్క తప్పితే ‘వ’, ‘ప’ మధ్య తేడా కూడా మసకబారుతుంది.

తెలుగుకు మరో చిక్కు ఉంది. ‘లక్ష్మి’ అన్న మాటలో ఒకదాని కింద, పక్కన ఒత్తులు చేరతాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును లెక్కలో పెట్టుకొని వరుస ఎత్తును బిగించిన పేజీల్లో కింది ఒత్తు సగానికి తెగిపోతుంది. ఈ తప్పు ఒక్కోసారి పేజీ తయారుచేసినవారిది, ఒక్కోసారి బ్రౌజర్‌ది. అక్షరపు సిరా వరుస గీత దాటి ఎంత కిందికి వెళ్తుందో బ్రౌజర్ తక్కువగా అంచనా వేస్తే, ‘మారిన భాగం’ లెక్క కూడా తప్పుతుంది. అప్పుడు మాట చెరిగిపోయినా ఒత్తు ముక్క తెరమీద మిగిలిపోవచ్చు.

2018 ఫిబ్రవరిలో ఏం జరిగింది?

ఈ కోడ్‌లో చిన్న లోపం ఎంత దూరం వెళ్తుందో తెలుగు అక్షరమే ప్రపంచానికి చూపించింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఉన్న సందేశం అందిన ఐఫోన్లలో యాప్‌లు ఉన్నట్టుండి మూతపడ్డాయి. అది నోటిఫికేషన్‌గా వస్తే కొన్ని ఫోన్లు ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతూ ఉండిపోయాయి. మాక్ కంప్యూటర్లకూ ఇదే ఇబ్బంది వచ్చింది. కొందరు ఆ అక్షరాన్ని ఇతరుల ఫోన్లు పాడుచేయడానికి ఆటగా పంపడం మొదలుపెట్టారు.

అసలు కారణం మామూలు ‘జ్ఞా’ కాదు. ఞకు, దీర్ఘానికి మధ్య కంటికి కనిపించని మరో సంకేతం ఉంది. అక్షరాలను కలపవద్దని చెప్పే సంకేతం అది. ఆ వరుసను అమర్చేటప్పుడు ఆపిల్ పరికరాల్లోని ఉమ్మడి కోడ్ మెమరీని చెడగొట్టేది. తర్వాత పరిశీలించినవారికి ఇదే నమూనా బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని వరుసల్లోనూ కనిపించింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది.

‘వైరస్ అక్షరం’ అని అప్పట్లో కొందరు పిలిచినా, అక్షరంలో దోషం లేదు. అటువంటి వరుస రావచ్చని ముందుగా ఎవరూ పరీక్షించలేదు. ఒక లిపికి పరీక్షలు తక్కువైతే ఆ లిపిలోనే లోపాలు ఎక్కువ కాలం దాగి ఉంటాయి.

సరిగ్గా ఉన్న కోడ్ ఎందుకు పాతబడుతుంది?

మగ్గం బాగానే ఉన్నా నూలు మారితే బిగింపు మార్చుకోవాలి. బ్రౌజర్‌కూ అంతే. దాని కింద ఉన్న యంత్రాలు మారిపోతుంటాయి. బొమ్మలు గీయడానికి ఫోనులో ప్రత్యేకంగా ఉండే చిప్‌ను జీపీయూ అంటారు. ఒకేసారి వేల గడుల లెక్క చేయగలదు. అయితే ఒక్కో కంపెనీ చిప్‌కు ఒక్కో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, వాటిలో ఒక్కోదానికి ఒక్కో లోపం. ఏ చిప్, ఏ డ్రైవర్ కలిస్తే బొమ్మ చెడుతుందో జాబితా రాసుకొని, అక్కడ ఆ సదుపాయాన్ని బ్రౌజర్లు ఆపేస్తాయి లేదా చుట్టుదారి పడతాయి. కంపెనీ నుంచి సవరణలు ఆగిపోయిన పాత ఫోనులో పేజీ ఇంకా సరిగా కనిపిస్తోందంటే, అందులో ఈ జాబితాకు కూడా వాటా ఉంది.

కొన్నిసార్లు అతుకులు చాలవు, పునాదే మార్చాలి. 2008లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3 బొమ్మలు గీయడానికి కైరో అనే లైబ్రరీని వాడింది. అదే ఏడాది వచ్చిన క్రోమ్ స్కియాను ఎంచుకుంది. తర్వాతి కాలంలో ఫైర్‌ఫాక్స్ కూడా స్కియాను వాడుకుంది. ఆపైన పేజీ మొత్తాన్ని వీడియో గేములా జీపీయూతోనే గీయించే వెబ్‌రెండర్‌ను మొజిల్లా తయారుచేసింది. 2019 మేలో ఫైర్‌ఫాక్స్ 67తో దాన్ని మొదట విండోస్ 10 కంప్యూటర్లలో, అదీ ఒక కంపెనీ జీపీయూ ఉన్న కొందరికే ఇచ్చారు. అక్కడ కుదిరాక మరికొన్ని చిప్‌లకు, ఇతర వ్యవస్థలకు విస్తరించారు. అందరికీ చేరేసరికి రెండేళ్లకు పైగా పట్టింది. సరైన జీపీయూ లేని యంత్రాల కోసం అదే పనిని ప్రధాన ప్రాసెసర్‌తో చేయించే ఏర్పాటు కూడా రాయాల్సి వచ్చింది. అది పూర్తయ్యాకే పాత కోడ్‌ను తీసివేయడం వీలైంది. పనికిరాని కోడ్‌ను తొలగించడం కూడా ఈ వృత్తిలో పెద్ద పనే. రెండు దారులు ఉంటే ప్రతి లోపాన్నీ రెండు చోట్ల వెతకాలి.

చిత్రం వెంట వచ్చే ముప్పు

గ్రాఫిక్స్ కోడ్ చదివే చిత్రాలు, ఫాంట్లు ఎవరు పంపినవో తెలియదు. అందుకే ఇది భద్రతకు కాపలా కాయాల్సిన చోటు కూడా. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ రకం చిత్రాలను విప్పే లైబ్రరీలో లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన చిత్రాన్ని తెరిస్తే, కోడ్ తనకు కేటాయించిన మెమరీ గట్టు దాటి రాసేది. దాడి చేసేవారు దాన్ని అప్పటికే వాడుకుంటున్నారు. సెప్టెంబరు 11న గూగుల్ క్రోమ్‌కు సవరణ ఇచ్చింది, మరుసటి రోజే మొజిల్లా ఇచ్చింది. అదే లైబ్రరీని వాడే మరెన్నో యాప్‌లు కూడా మారాల్సి వచ్చింది.

మెమరీ గట్టు దాటే తప్పులను చాలావరకు ముందే పట్టుకునే రస్ట్ భాషలో వెబ్‌రెండర్‌ను రాయడానికి ఒక కారణం ఇదే. పాఠకుడు చేయగలిగింది మాత్రం సులువు: బ్రౌజర్ అప్‌డేట్ వచ్చినప్పుడు వాయిదా వేయకపోవడం.

సరిగా ఉందని ఎవరు చెప్పాలి?

కోడ్‌లో ఒక చోట మార్పు చేస్తే మరో చోట చెడలేదని ఎలా తెలుస్తుంది? బ్రౌజర్ తయారీదారులు జతల పరీక్షలు వాడతారు. ఒకే బొమ్మ రావాల్సిన రెండు పేజీలను వేర్వేరు పద్ధతుల్లో రాస్తారు. యంత్రం రెండింటినీ గీసి గడి గడిగా పోలుస్తుంది. తేడా వస్తే మార్పును ఆపుతారు. ఒకసారి దొరికిన లోపానికి ఒక పరీక్ష చేర్చితే, అది మళ్లీ వచ్చిన రోజునే పట్టుబడుతుంది. అన్ని బ్రౌజర్లూ పంచుకునే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే ఉమ్మడి పరీక్షల సంపుటి కూడా ఉంది.

అయితే ఏ బొమ్మ సరైనదో యంత్రానికి మనిషే చెప్పాలి. తెలుగు రాని ఇంజినీరుకు తెగిన మ ఒత్తు చిన్న గీతలా కనిపిస్తుంది. తెలుగువారికి అది తప్పు అక్షరం. యూనికోడ్ వాడకం స్థిరపడక ముందు తెలుగు పత్రికల సైట్లు దేనికది సొంత ఫాంటు వాడేవి. ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపును తయారుచేసింది వెన్న నాగార్జున అనే తెలుగు వ్యక్తే. అవసరం తెలిసినవారే పూనుకుంటే పని జరుగుతుందనడానికి అది ఉదాహరణ.

కోడ్ రాయడం రాకపోయినా తప్పును చెప్పవచ్చు. ఫైర్‌ఫాక్స్‌కు బగ్జిల్లా, క్రోమ్‌కు క్రోమియం లోపాల నమోదు వేదిక ఉన్నాయి. ఒత్తు తెగినట్టు కనిపిస్తే తెర ఫొటో తీయండి. ఫొటో ఒక్కటే చాలదు. ఆ మాటను కాపీ చేసి రాతగా కూడా ఇవ్వండి. ‘జ్ఞా’ విషయంలో చూసినట్టు కంటికి కనిపించని సంకేతాలు రాతలోనే దొరుకుతాయి. ఫోను పేరు, బ్రౌజర్ సంఖ్య, పేజీ చిరునామా, అదే మాట ఎలా కనిపించాలో చూపే సరైన బొమ్మ జతచేయండి. అదే పేజీని మరో బ్రౌజర్‌లో తెరిచి చూసి, అక్కడ ఎలా ఉందో రాయండి. ఈ వివరాలుంటే తెలుగు తెలియని ఇంజినీరు కూడా లోపాన్ని తన యంత్రంలో పుట్టించి చూడగలడు, దానికి పరీక్ష రాయగలడు. ఆ తర్వాత వచ్చే ప్రతి మార్పూ ఆ పరీక్ష దాటాకే అమ్రోలిలోని పాత ఫోనుకు చేరుతుంది.