మీకు తెలుసా? రేడియోలో పుట్టి, తెర మీంచి మనతో మాట్లాడిన ‘ఆల్ఫీ’

ఆడవాళ్ళ వెంట తిరుగుతూ ఎవరికీ కట్టుబడని ఓ లండన్ కుర్రాడి కథ, 1966 నాటి బ్రిటిష్ సినిమా ‘ఆల్ఫీ’. హాయిగా నవ్విస్తూ వెళ్ళి ఒకచోట గుండె పట్టేసేలా చేస్తుంది. నా మటుకు నాకు దాని బలమంతా ఆల్ఫీ మనతో మాట్లాడే తీరులోనే ఉంది.

• ఆల్ఫీ ముందు వినిపించాడు, తర్వాతే కనిపించాడు. బిల్ నాటన్ రాసిన రేడియో నాటకం 1962లో బీబీసీలో వచ్చింది. మరుసటేడు లండన్‌లోని మెర్మెయిడ్ థియేటర్‌లో రంగస్థలమెక్కింది. సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా నాటనే రాశాడు. ఐర్లండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో పెరిగిన ఈయన నేతపని చేశాడు, బొగ్గు బస్తాలకెత్తాడు, లారీ నడిపాడు. కష్టజీవుల మాటతీరు ఆయనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

• మన నాటకాల్లో పాత్రలు స్వగతం చెప్పుకున్నట్టే ఆల్ఫీ కూడా చెబుతాడు. కాకపోతే పక్కనున్న అమ్మాయి మాట్లాడుతుండగానే కెమెరా వైపు తిరిగి, ఆమె గురించే మనకు చెప్పేస్తాడు! మొదట్లోనే, అద్దాలకు ఆవిరి పట్టిన కారులోంచి బయటికొచ్చి, ఇప్పుడు టైటిల్స్ పడతాయని మీరు చూస్తున్నారేమో, పడవు అంటాడు. అన్నట్టే నటుల పేర్లు ఆఖర్న, ఫొటోలతో వస్తాయి.

• బ్రాడ్‌వేలో ఆల్ఫీగా వేసింది టెరెన్స్ స్టాంప్. నాటకం అక్కడ నిలబడలేదు. సినిమా వేషాన్ని ఆయన వద్దనుకుంటే, ఒకప్పుడు ఆయనతో ఒకే ఇంట్లో ఉన్న మైకేల్ కెయిన్‌కు దక్కింది. కెయిన్‌కు తొలి ఆస్కార్ నామినేషన్ తెచ్చిందీ ఇదే.

• నేపథ్య సంగీతం అమెరికన్ జాజ్ విద్వాంసుడు సానీ రోలిన్స్‌ది.

• అన్నిటికన్నా గొప్ప ఘట్టం గర్భస్రావానిది. అప్పటికి బ్రిటన్‌లో అది నేరం. పెళ్ళయిన లిలీకి (వివియన్ మర్చంట్) ఆల్ఫీ గదిలోనే చాటుగా ఆ పని జరుగుతుంది. తిరిగొచ్చిన ఆల్ఫీ లోపలికెళ్ళి చూస్తాడు. అక్కడేముందో మనకు చూపించరు, కెయిన్ ముఖం చూపిస్తారు. అంతసేపూ నోరు మూయని మనిషి ముఖం మెల్లగా కూలిపోయి కళ్ళ నీళ్ళు వస్తాయి. అంత నిజాయితీగా నటించిన సన్నివేశాలు ఆ కాలపు కామెడీల్లో నేను చూసినవి చాలా తక్కువ. గర్భస్రావాన్ని కొన్ని షరతులతో అనుమతించే చట్టం మరుసటేడు, 1967లో వచ్చింది.

• ఈ సినిమాకు 5 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ దక్కలేదు. కాన్ ఉత్సవంలో మాత్రం జ్యూరీ ప్రత్యేక బహుమతి ఇచ్చారు.

• దర్శకుడు లూయిస్ గిల్బర్ట్ ఆ వెంటనే జేమ్స్ బాండ్ సినిమా ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ తీశాడు. 1989లో ‘షర్లీ వాలెంటైన్’ అనే మరో నాటకాన్ని తెరకెక్కించినప్పుడు పాత్ర కెమెరాతో మాట్లాడే ఈ పద్ధతే మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి కెమెరాతో మాట్లాడింది మగాడు కాదు, సంసారంతో విసిగిపోయిన లివర్‌పూల్ ఇల్లాలు. ఆ పాత్ర వేసిన పాలిన్ కాలిన్స్‌కూ ఆస్కార్ నామినేషన్ వచ్చింది.