ఆఫర్‌ అంకె వేరు.. చేతికొచ్చేది వేరు!

జర్మనీ నుంచి ఏడాదికి 50,000 యూరోల ఆఫర్‌ వస్తే వెంటనే రూపాయల్లోకి మార్చేయకండి. అది ‘బ్రుట్టో’, అంటే కోతలకు ముందు జీతం. పింఛనుకు 9.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.3 శాతం, ఆపై ఆరోగ్య, సంరక్షణ బీమాలు, ఆదాయపు పన్ను పోతే పెళ్లికానివారికి నెలకు మిగిలే ‘నెట్టో’ సుమారు 2,600-2,700 యూరోలే. ఒక ఊరట ఏంటంటే, మన సీటీసీలో కంపెనీ పీఎఫ్‌ వాటాను కలిపి చూపించినట్టు అక్కడ చూపించరు. సంస్థ తన వాటాను విడిగా కడుతుంది.

దిగగానే చిరునామా నమోదు చేయించుకోండి. ట్యాక్స్‌ ఐడీ దాంతోనే వస్తుంది. అది ఇవ్వకపోతే ఆరో తరగతి కింద పన్ను భారీగా పట్టేయొచ్చు. నమోదు ఫారంలో మతం గడి కూడా ఉంటుంది. కేథలిక్‌, ప్రొటెస్టెంట్‌ అయితే ఆదాయపు పన్ను మొత్తంపై ఇంకో 8 లేదా 9 శాతం చర్చి పన్ను, అదీ జీతంలోంచే!