అటక మీది బూట్లు పారేసే ముందు...

చీర కొనేటప్పుడు మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కొంగు తిరగేసి చూస్తాం, జరీని గోటితో గీకుతాం. కొట్టువాడు "అసలైన పట్టమ్మా" అన్నంత మాత్రాన నమ్మం. వంకాయని కూడా తొడిమ చూడకుండా సంచీలో వెయ్యం కదా! అదే ఇంట్లో మగవాళ్ళకో పిల్లలకో బూట్లు కొనాల్సి వస్తే మాత్రం మెరుపు చూసి, పెట్టె మీద పేరు చూసి, వేలకి వేలు లెక్కపెట్టి ఇచ్చేస్తాం. తోలు సంగతి మనకేం తెలుస్తుందిలే అనుకుంటాం. పట్టు గుర్తుపట్టే చేతికి తోలు గుర్తుపట్టడం ఎంతసేపు చెప్పండి?

ఇప్పటి పిల్లల్లో పాత బూట్ల మోజు ఒకటి మొదలైంది. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు అక్కడ పాత సామాన్ల కొట్లో ఎవరో వాడి వదిలేసిన రెడ్ వింగ్ బూట్లు కొని ఫొటో పంపించాడు. ఆ కంపెనీ 1905లో మిన్నెసోటా రాష్ట్రంలోని రెడ్ వింగ్ అనే ఊళ్ళోనే పుట్టింది. కష్టం చేసుకునే వాళ్ళ కోసం కుట్టిన మొరటు బూట్లకి దానికి పేరు. "ఎవరు తొడుక్కున్నవో ఏమో, నీకేం ఖర్మరా" అని మా అక్క ఒకటే గోల. "ఈ తోలుతో కొత్తవి కొనాలంటే నాకు స్తోమత లేదమ్మా" అన్నాడు వాడు. వాడి లెక్క తప్పేం కాదు.

తోలంతా ఒకటి కాదు. ఆవు తోలో గేదె తోలో మందంగా ఉంటుంది కాబట్టి మిషన్ మీద దాన్ని పొరలుగా చీలుస్తారు. వెంట్రుకలుండే పైపొర పాల మీద మీగడ లాంటిది. అక్కడి పీచు చిక్కగా, బిగువుగా అల్లుకుని ఉంటుంది. దాన్ని గీకకుండా ఉన్నదున్నట్టు ఉంచితే ఫుల్ గ్రెయిన్ అంటారు. దోమకాట్లు, ముళ్ళ గీతలు ఉన్న తోలయితే పైన గరుకు కాగితంతో రుద్ది, రంగు పూసి, అచ్చు గుద్దుతారు. అది కరెక్టెడ్ గ్రెయిన్. చెడ్డదేం కాదు, స్కూలు బూట్లకి చాలు. మీగడ తీసేశాక మిగిలిన కింది పొర స్ప్లిట్. దాని మీద ప్లాస్టిక్ పూత పూసి నిగనిగలాడించి 'జెన్యూన్ లెదర్' అని చీటీ అంటిస్తారు. అందులోనూ తోలుంది కాబట్టి అది అబద్ధమూ కాదు, చూశారా! ఇక కత్తిరింపు ముక్కల్ని పొడిచేసి జిగురుతో కలిపి పలకలా వత్తింది బాండెడ్ లెదర్. రంపపు పొట్టుతో చేసిన బల్లని టేకు బల్ల అన్నట్టే. మా పక్కింటావిడ కొడుకు ఇంటర్వ్యూకని ఒక పెద్ద షోరూములో కొన్న బూట్లు రెండు వానలకే పొక్కులు లేచి, అట్టకాయితంలా పొరలూడిపోయాయి. అడగబోతే "వాడకం తేడా అండీ" అన్నారట!

సరే, ఎలా చూడాలి? బూటుని కిటికీ దగ్గర వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. అసలు తోలు మీద సన్నటి రంధ్రాలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా ఉంటాయి. ఎక్కడ చూసినా ఒకే నమూనా తిరిగి తిరిగి వస్తోందంటే అది అచ్చు గుద్దిందే. తరవాత, నడిచేటప్పుడు వేళ్ళ దగ్గర మడతపడే చోట బొటనవేలితో నొక్కండి. మంచి తోలు మన చేతి వెనక చర్మంలా సన్నసన్నని ముడతలు పడి, వదలగానే సర్దుకుంటుంది. నాసిరకం తోలు పొంగిన పూరీ పైపొరలా తేలిపోయి, పెద్ద పెద్ద ముడతలు పడుతుంది. అది ఎక్కువగా పొట్ట దగ్గరి తోలు. జంతువు వెన్ను, పిరుదుల దగ్గర తోలు బిగువు, పొట్ట దగ్గరది సాగుతుంది. తెలిసిన పనివాడు వెన్ను తోలు ముందు భాగానికి వాడి, పొట్ట తోలుని లోపలి నాలుక లాంటి కనపడని చోట్లకి సర్దుతాడు. గుర్రం పిరుదుల దగ్గర్నుంచి తీసే కార్డొవాన్ అనే ఖరీదైన తోలు మాత్రం దీనికి మినహాయింపు. దానికి సన్నటి ముడతలు పడవు, అలల్లా గుండ్రటి మడతలు పడతాయి.

నాలుక అన్నాను కదా, నా మటుకు నేను ముందు చూసేది దాని అంచునే. చాలా బూట్లలో ఆ అంచు మడవకుండా వదిలేస్తారు. అక్కడ పీచు కనపడితే తోలు. గుడ్డ నేత కనపడితే రెక్సిన్ లాంటిదే. పైన రబ్బరు తొక్కలాంటి పూత విడిగా కనపడితే పూత తోలు. వాసనని నమ్మకండి, తోలు వాసన కూడా సీసాల్లో దొరుకుతోంది. నీటి చుక్క పరీక్ష కొంత పనికొస్తుంది. పాలిష్ లేని తోలు చుక్కని మెల్లగా పీల్చి నల్లబడుతుంది. కానీ మైనం పట్టించిన మంచి తోలు మీద కూడా నీళ్ళు జారిపోతాయి, అంతమాత్రాన ప్లాస్టిక్ అనెయ్యకూడదు. అగ్గిపుల్ల పరీక్ష జోలికి అసలు పోవద్దు, కొట్టువాడితో గొడవ, ఇంట్లో కంపు.

తోలు ఊనే పద్ధతి కూడా చూడాలి. బతుకమ్మలో మనం పేర్చే తంగేడు ఉంది చూడండి, దాని బెరడే ఒకప్పుడు దక్షిణాదిలో తోలు ఊనడానికి ముఖ్యమైన సరుకు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోళ్ళని తంగేడు బెరడు నీళ్ళలో ఊరబెట్టి, కరక్కాయ పట్టించేవారు. అలా తయారైన తోళ్ళు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండు పోయేవి. ఊళ్ళలో లందల దగ్గర తరతరాలుగా ఈ పని చేసిన మాదిగ కుటుంబాల్ని ఊరి చివర ఉంచి, వాళ్ళ పనితనాన్ని మాత్రం కాళ్ళకి తొడుక్కు తిరిగాం. ఇప్పుడు ఎక్కువ భాగం క్రోమియం ఉప్పుతో ఊనిన తోలే. త్వరగా అవుతుంది, మెత్తగా ఉంటుంది, నీళ్ళకి ఆగుతుంది. రంగు లోపలిదాకా పట్టకపోతే కోసిన అంచులో నీలం, బూడిద కలిసిన ఛాయ కనపడుతుంది. బెరడుతో ఊనింది లోపలిదాకా గోధుమ రంగే. వాడేకొద్దీ ముదురు తేనె రంగుకి తిరుగుతుంది. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని నేను అనను. వానల్లో తిరిగే వాళ్ళకి క్రోమ్ తోలే నయం.

బెరడు తోలు ఎంత గట్టిదంటారా? 1786 డిసెంబరులో మెట్టా కాథరీనా అనే ఓడ రష్యా నుంచి ఇటలీ రేవు జెనోవాకి తోళ్ళు తీసుకుపోతూ, తుఫానులో ఇంగ్లండు పక్కన ప్లిమత్ దగ్గర మునిగిపోయింది. 1973లో ఈతగాళ్ళకి ఆ ఓడ దొరికింది. లోపల కట్టలు కట్టలుగా రెయిన్‌డీర్ జింకల తోళ్ళు! విల్లో చెట్టు బెరడుతో ఊని, భూర్జవృక్షం నూనె పట్టించినవి. దాదాపు రెండు వందల ఏళ్ళు సముద్రం అడుగున బురదలో పడున్నా చాలా తోళ్ళు పాడవలేదు. వాటిని కడిగి ఆరబెట్టి, లండన్‌లో చెప్పులు కుట్టేవాళ్ళు కొత్త బూట్లు కుట్టారు. నేను చదివి నోరు తెరిచాను.

మా మామగారు రైల్వేలో గార్డుగా చేశారు. ఆయన పోయిన ఏడాదికి అటక దులుపుతుంటే ఆయన నల్లబూట్లు బయటపడ్డాయి. సోళ్ళు అరిగి చిల్లులు పడ్డాయి, పైన దుమ్ము, బూజు. మావారు పాత సామాన్లవాడికి వేసెయ్యమన్నారు. మా అత్తగారు అవునూ అనలేదు, కాదూ అనలేదు, వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నారు. నేను వాటిని తుడిచి, మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన ఏ చీటీ వెతకలేదు. మడత దగ్గర మెల్లగా వంచి చూశాడు, అంచు చుట్టూ కుట్టు మీద గోరు పెట్టి లాగాడు. "పై తోలు బతికే ఉందమ్మా, అరిగింది కిందిదే" అన్నాడు.

పాత బూట్లలో చూడాల్సింది అదే. సోలు, మడమ, లోపలి అట్ట అన్నీ మార్చుకోవచ్చు. మడత దగ్గర పైతోలు పగిలితే మాత్రం ఇక వైద్యం లేదు, ఎంత పాలిష్ రాసినా పగులు దాక్కోదు. తోలు రుద్దితే చేతికి ఎర్రటి పొడి అంటుతోందా? అదీ పోయినట్టే. సోలు చుట్టూ బయటికి కనపడే పట్టీ, దాని మీద కుట్టు ఉంటే చాలామటుకు వెల్ట్ కుట్టు. పాత సోలు విప్పి కొత్తది వెయ్యొచ్చు, ఒకసారి కాదు, కొన్నిసార్లు. కొన్ని బూట్లకి జిగురుతో అంటించి పైన అలంకారానికి ఉత్తుత్తి కుట్టు వేస్తారు. ఆ దారం కింద సోలులోంచి బయటికి వస్తోందా, లేక కింద గాడిలోకి దిగిందా అని తిరగేసి చూడండి. మామగారి బూట్లకి పెద్దాయన కొత్త సోలు, కొత్త మడమ వేశాడు. మా పెద్దవాడికి సరిగ్గా సరిపోయాయి. వాడు ఉద్యోగంలో చేరిన రోజు అవే తొడుక్కు వెళ్ళాడు. గుమ్మంలో వాడు తాళ్ళు కట్టుకుంటుంటే మా అత్తగారు వంగి బూటు కొసని ఒకసారి ముట్టుకున్నారు.

విదేశాల నుంచి పిల్లలు బూట్లు పంపితే చీటీ మీద చిన్న బొమ్మలుంటాయి. ఐరోపా దేశాలు 1994లో చేసిన నియమం అది. పరిచిన తోలు ఆకారం ఉంటే తోలు, ఆ ఆకారం మధ్యలో డైమండు గుర్తు ఉంటే పూత పూసిన తోలు, వల గుర్తు గుడ్డ, ఉత్త డైమండు ఇతర సరుకు. పై భాగానికి, లోపలి అస్తరుకి, సోలుకి విడివిడిగా వేస్తారు. మూడూ చూడండి, పైన తోలు వేసి లోపల వేరేది పెట్టడం మామూలే.

ఒక్క జాగ్రత్త. మెత్తగా, తేలిగ్గా ఉండే పీయూ సోళ్ళు వాడకుండా పెట్టెలో దాచినా మన తేమగాలికి కొన్నేళ్ళకి మైసూర్‌పాక్‌లా పొడి రాలిపోతాయి. పెళ్ళికి కొన్నవి, మళ్ళీ పెళ్ళికి తీద్దామని దాచారో, మండపంలోనే ఊడతాయి! తోలు సోలు అలా కాదు. వాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టకుండా, లోపల న్యూస్‌పేపరు కుక్కి, గాలాడే చోట పెట్టండి. వానాకాలంలో బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి, ఎండలో వద్దు.