మైలేజీ మీ మణికట్టులోనే ఉంది!

ఏలూరు వెనకబడింది. కైకలూరు ఇంకా రాలేదు. రెండు పక్కలా కొల్లేరు. పొద్దు వాలిపోతోంది. సరిగ్గా అప్పుడే మా బండి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

నిరుడు వేసవి సంగతిది. మాది కలిదిండి. 2022లో కొత్త జిల్లా వచ్చాక కాగితాల పనేదైనా ఉంటే మచిలీపట్నం బదులు ఏలూరు వెళ్తున్నాం. ఆ రోజు పనితోపాటు ద్వారకా తిరుమల వెంకన్న దర్శనం కూడా చేసుకొద్దామని నేనూ, మా వదినా మావారి మోటారు సైకిలు మీద బయల్దేరాం. నడిపింది నేనే. నాలుగు లీటర్లు పోయించాను. బండి కొన్నప్పుడు లీటరుకు అరవై ఇస్తుందని చెప్పారు. నాలుగు అరవైలు రెండొందల నలభై. మా ప్రయాణం పోనూ రానూ రెండొందల లోపే. ఇంకేం భయం?

తీరా చూస్తే నడిరోడ్డు మీద నిలబడ్డాం. "ఇప్పుడెట్టా అమ్మాయ్?" అంటుంది వదిన. ఇంటికి ఫోన్ చేస్తే, "ఆడవాళ్ళకి బండెందుకు అంటే వినరు కదా" అనే మాట వినాలి. చెయ్యాలనిపించలేదు.

ఇంతలో వలలు వేసుకుని ఎక్సెల్ బండి మీద వస్తున్న ఓ కుర్రాడు ఆగాడు. అడక్కుండానే సంగతి గ్రహించాడు. తన ట్యాంకులోంచి పైపు పెట్టి అర లీటరు తీసి మా బండిలో పోశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాడు: "నలభైలో పోండి అక్కా. పరిగెత్తించారంటే చాలదు."

నలభైలోనే వెళ్ళాం. కైకలూరు బంకు దాకా చాలింది!

ఆ అర లీటరు నాకు పెద్ద పాఠమే నేర్పింది. మైలేజీ అంటే మగవాళ్ళు అరుగు మీద కూర్చుని గొప్పలు చెప్పుకునే అంకె అనుకునేదాన్ని. కాదు. ఎవరి సాయం అడగకుండా ఎంత దూరం వెళ్ళి, తిరిగి ఇంటికి రాగలమో చెప్పే అంకె అది. అది తెలిసిన ఆడది ధైర్యంగా బయల్దేరుతుంది. తెలియకపోతే నాలాగే దారిలో నిలబడుతుంది.

మీ బండి లెక్క మీరే తేల్చుకోండి

కంపెనీ చెప్పే మైలేజీ అబద్ధం కాదు. అయితే అది వాళ్ళ పద్ధతిలో, వాళ్ళు పెట్టుకున్న వేగంలో పరీక్షించి తీసిన లెక్క. వెనకాల వదినా, ఒళ్ళో ప్రసాదం సంచీ, ఎదురుగాలీ ఆ లెక్కలో ఉండవు.

సొంత లెక్క తీయడం చాలా తేలిక. ట్యాంకు నింపించండి. గొట్టం తనంతట తాను ఆగిన చోటే ఆపమనండి, అంచు దాకా పోయించొద్దు. మీటర్లో ట్రిప్ సున్నా చేయండి. రెండు మూడు రోజులు మామూలుగా తిరిగి, మళ్ళీ అదే బంకులో అలాగే నింపించండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. 144 కిలోమీటర్లకు 3 లీటర్లు పడితే మీ బండి మైలేజీ 48. ఇలా మూడుసార్లు చూసి సగటు కట్టండి. ఒంటరిగా వెళ్ళినప్పుడు ఎంత, ఇద్దరు ఎక్కినప్పుడు ఎంత అని విడివిడిగా రాసుకుంటే మరీ మంచిది. పాల లెక్క రాసే క్యాలెండరు మీదే ఇదీ రాసేయొచ్చు!

ఇందులో ఎంత మిగులుతుందంటారా? నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండి 45 ఇస్తే 22 లీటర్లకు పైనే తాగుతుంది. అదే బండి 60 ఇస్తే 17 లీటర్లు కూడా పట్టవు. లీటరు 110 రూపాయలు అనుకుంటే నెలకు సుమారు ఆరొందలు, ఏడాదికి ఏడు వేల పైమాటే.

యాభై దాటితే గాలి పన్ను

రోడ్డు మీద బండికి అసలు శత్రువు బరువు కాదు, గాలి. వేగం రెండింతలైతే గాలి ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. నలభైలో మెత్తగా తగిలే గాలే ఎనభైలో గోడలా అడ్డు నిలుస్తుంది. ఆ గోడను నెట్టడానికే పెట్రోలు ఖర్చయిపోతుంది. పెట్రోలు పొదుపు గురించి ప్రచారం చేసే పీసీఆర్ఏ సంస్థ కూడా గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడపమనే ఏళ్ళ తరబడి చెబుతోంది.

అలాగని పై గేరులో ఇరవైలో ఈడ్చినా నష్టమే. బండి గునుస్తూ, వణుకుతూ ఉంటే గేరు తగ్గించమని అడుగుతోందన్నమాట. నలభై అయిదుకు చేరేసరికి పై గేరులో ఉండాలి. యాక్సిలరేటరు తిప్పడం, వదలడం నిదానంగా జరగాలి. గుడ్డు పట్టుకున్నంత సున్నితంగా పట్టుకోమని మా మెకానిక్ అంటాడు. స్కూటరుకి గేర్లు లేవు కాబట్టి అక్కడ మణికట్టే సర్వస్వం.

మా డెల్టాలో గుట్టలు లేవు, వంతెనలు తప్పితే ఎత్తుపల్లాలు తక్కువే. భీమడోలు దాటి ద్వారకా తిరుమల వైపు మెట్ట నేలలోకి మళ్ళాక మాత్రం రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అక్కడ బండి ఆయాసపడే దాకా ఆగకుండా ముందుగానే ఒక గేరు దించాలి. ఎత్తు మీద వేగం కాస్త తగ్గితే తగ్గనివ్వండి.

పైరగాలి ఎటు వీస్తోంది?

కొండల్లో ఘాట్ రోడ్డు ఎలాగో, మాకు గాలి అలాగ. వేసవి సాయంత్రాలు సముద్రం వైపు నుంచి పైరగాలి వీస్తుంది. ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళకి ఎంత హాయో! ఏలూరు నుంచి కలిదిండి వచ్చే బండికి మాత్రం అది ఎదురుగాలి. మీరు యాభైలో వెళ్తుండగా గంటకు ఇరవై కిలోమీటర్ల గాలి ఎదురొచ్చిందనుకోండి. బండి డెబ్భైలో వెళ్తున్నట్టే లెక్క. గాలి ఒత్తిడి దాదాపు రెండింతలవుతుంది. కొల్లేరు మీద చెట్టూ చేమా అడ్డం ఉండవు కాబట్టి దెబ్బ నేరుగా తగులుతుంది.

ఆ రోజు నేను చేసిన తప్పు అదే. చీకటి పడుతోందన్న కంగారులో డెబ్భై అయిదులో తోలాను. మైలేజీ నలభై కూడా రాలేదు. ఇప్పుడైతే తెల్లవారుజామునే బయల్దేరుతున్నాం. గాలి తక్కువ, ఎండ తక్కువ, రోడ్డు ఖాళీ. శీతాకాలమైతే ఆటపాకలో గూడబాతులను కూడా చూసుకుని వెళ్ళొచ్చు. సాయంత్రం రావాల్సి వస్తే వేగం తగ్గించి, పెట్రోలు ఒక లీటరు ఎక్కువ పోయిస్తున్నాం.

బ్రేకు వేస్తే పెట్రోలు పోసినట్టే

వేగం అందుకోవడానికి పెట్రోలు కాల్చాం. బ్రేకు వేయగానే ఆ వేగమంతా వేడిగా మారిపోతుంది. మళ్ళీ వేగం కావాలంటే మళ్ళీ పెట్రోలు కాల్చాలి. అందుకే చూపు చక్రం ముందు కాదు, వంద గజాల దూరంలో ఉండాలి. మా రోడ్ల మీద బాతుల మందలు దాటుతుంటాయి. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. ఊరూరా స్పీడు బ్రేకర్లు. దూరం నుంచే గమనించి యాక్సిలరేటరు వదిలేస్తే బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. బ్రేకు అరిగేదీ తక్కువే, ప్రాణానికీ భద్రం.

క్లచ్చు మీద వేళ్ళు, బ్రేకు పెడలు మీద పాదం ఊరికే ఆనించి ఉంచే అలవాటు చాలామందికి ఉంది. అది వెంటనే మానాలి. రైల్వే గేటు పడితే ఇంజను ఆపేయండి.

బయల్దేరే ముందు పది నిమిషాలు

టైర్లు: బండి తిరగకముందు, చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించుకోండి. ఎంత ఉండాలో బండి మీద అతికించిన కాగితంలోనో, పుస్తకంలోనో ఉంటుంది. ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఇంకో లెక్క. వెనక చక్రానికి ఇద్దరెక్కితే ఎక్కువ కావాలి. గాలి తగ్గిన టైరు మెత్తబడి రోడ్డును పట్టుకుని ఈడుస్తుంది. బంకుల్లో గాలి ఉచితమే, మొహమాటపడొద్దు.

చెయిను: చేపల, రొయ్యల లారీల నుంచి కారే నీళ్ళు మా రోడ్ల మీద మామూలే. అందులో ఉప్పు ఉంటే చెయిను తుప్పు పట్టి బిగుసుకుంటుంది. కాబట్టి తుడిచి ఆయిలు వేయడం మిగతా ఊళ్ళకన్నా ఇక్కడ తరచుగా జరగాలి. చెయిను మరీ బిగువుగానూ, మరీ వదులుగానూ ఉండకూడదు. ఆ లారీల వెనకే వెళ్ళకండి. తడి రోడ్డు మీద జారే ప్రమాదం కూడా ఉంది.

చక్రం తిరుగుడు: సెంటరు స్టాండు వేసి, గేరు తీసేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగాలి. పట్టేస్తుంటే బ్రేకు బిగువుగా ఉన్నట్టే.

ఎయిర్ ఫిల్టరు: దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఇది ముక్కులాంటిది. కొత్త బళ్ళలో చాలావాటికి జిడ్డు పూసిన కాగితం ఫిల్టర్లు వస్తున్నాయి. వాటిని గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, గడువు ప్రకారం మార్చాల్సిందే.

సామాను: సంచులు రెండు పక్కలా వెడల్పుగా వేలాడకుండా, వెనక మనిషి వీపు చాటున, సీటుకు దగ్గరగా కట్టండి. వెడల్పు పెరిగితే గాలి పట్టేస్తుంది. చీర చెంగు, చున్నీ నడుముకు బిగించి దోపుకోవాలి. ఇది మైలేజీ కోసం కాదు, చక్రంలో పడకుండా. హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి.

ఇవి నమ్మకండి

"న్యూట్రల్‌లో దొర్లిస్తే పెట్రోలు మిగులుతుంది" అంటారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేరులో ఉండగా యాక్సిలరేటరు పూర్తిగా వదిలేస్తే వీటిలో పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి మళ్ళీ పెట్రోలు తాగుతుంది! పైగా బండి మన అదుపులో ఉండదు.

"తెల్లవారుజామున పోయిస్తే చిక్కటి పెట్రోలు వస్తుంది" అనేది ఇంకో మాట. బంకులో ట్యాంకు భూమి లోపల ఉంటుంది, అక్కడి చల్లదనం పగలూ రాత్రీ పెద్దగా మారదు. కొలత మీద అనుమానముంటే సున్నా చూసుకోండి. అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది.

"రిజర్వులో పడేదాకా నడపొచ్చు" అనేది పాత బళ్ళ మాట. కొత్త బళ్ళలో తిప్పే రిజర్వు చెవి ఉండదు. ట్యాంకు ఎండిపోయేదాకా నడిపితే లోపలి పంపు వేడెక్కి పాడవుతుంది. మీటర్లో చివరి గీత మిణుకుమనగానే బంకు వెతుక్కోవాలి.

పెట్రోలూ మారింది

"మునుపటంత మైలేజీ రావట్లేదు" అని మీకనిపిస్తే అది పూర్తిగా భ్రమ కాదు. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం దేశమంతటా వచ్చింది. ఇథనాల్‌కు పెట్రోలు కన్నా శక్తి తక్కువ. పాత పద్ధతిలో తయారైన ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ నిపుణుల కమిటీ 2021లోనే చెప్పింది. అంటే యాభై ఇచ్చే బండికి రెండు కిలోమీటర్లు. పది, పదిహేను తగ్గితే మాత్రం నేరం పెట్రోలుది కాదు, టైర్లదో, చెయినుదో, మన చేతిదో!

నీళ్ళు తాగడం మానేయకండి

ప్రయాణమంటే మనం ముందు చేసే పని నీళ్ళు మానేయడం. బాత్రూం భయం. ఎండలో గొంతు ఎండబెట్టుకుంటే కళ్ళు తిరుగుతాయి, ఒళ్ళు అలిసిపోతుంది. అలిసిన చెయ్యే కంగారుగా తిప్పుతుంది. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, మంచినీళ్ళు ఉండాలన్నది నిబంధన. తాళం వేసి ఉంటే తీయమని అడగండి. గంటకోసారి ఆగండి. మీకూ విశ్రాంతి, బండికీ విశ్రాంతి.

2018లో హైదరాబాద్ నుంచి జై భారతి ఆధ్వర్యంలో నలుగురు మహిళలు మోటారు సైకిళ్ళ మీద ఆగ్నేయాసియా దేశాలు చుట్టి, సుమారు 17 వేల కిలోమీటర్లు తిరిగొచ్చారు. అంత దూరం మనం వెళ్ళకపోవచ్చు. అయినా తర్వాతి బంకు దాకా ఉన్న పెట్రోలు చాలుతుందా అన్న ప్రశ్న వాళ్ళకీ, మనకీ ఒక్కటే.

మొన్న కార్తికంలో నేనూ, వదినా మళ్ళీ అదే దారిలో వెళ్ళాం. ఈసారి తాడేపల్లిగూడెం, భీమవరం మీదుగా చుట్టి వచ్చాం. టైర్లలో గాలి సరిచూసుకుని, యాభై దాటకుండా. లెక్క కడితే లీటరుకు 58 వచ్చింది! కొల్లేరు దాటుతున్నప్పుడు వదిన నా భుజం తట్టి, "ఆ కుర్రాడు కనిపిస్తే బావుణ్ణు, మన ట్యాంకులోంచి అర లీటరు బాకీ తీర్చేద్దుం" అంది.

అతను కనిపించలేదు. ఆ అర లీటరు మాత్రం మా ట్యాంకులో ఎప్పుడూ అదనంగానే ఉంటోంది. ఈసారి దారిలో ఎవరి బండి ఆగిపోయినా వాళ్ళ కోసం.