వేడి ఎటు పోవును?

నేడు నేను ముచ్చటింపబోవు విషయము, పిల్లలకు వేడిమి నడకను బోధించుటను గూర్చినది. ఇది బడిపంతుళ్ళ పని గదా, మాకేల యని మీరనవచ్చును. కాని దీనికి వలయు సామగ్రి బడిలో కంటె మీ వంటయింటను, వాకిటను, పశువుల పాకలోను ఎక్కువగా నున్నది. అంతియ కాక, మన తిరువూరు వంటి మెట్టసీమలో ఇది పరీక్షల కొఱకు మాత్రము నేర్వవలసిన పాఠము కాదు. 2015వ సంవత్సరము వేసవిలో వీచిన వడగాలులకు మన దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. వేడి ఏ దారిని ఇంటిలోనికి వచ్చునో పిల్లలకు తెలిసియుండుట మేలు.

ధనుర్మాసమున ఒకనాటి వేకువను మీ మనుమని గాని మనుమరాలిని గాని పిలిచి, తలుపు చెక్కపై నొక చేయి, ఇనుప గొళ్లెముపై నొక చేయి ఉంచుమనుడు. ఏది చల్లగా నున్నదని యడుగుడు. గొళ్లెమే యని తడవుకొనక చెప్పుదురు. పెద్దలలోను పలువురట్లే చెప్పుదురు. రాత్రియంతయు ఒకే గాలిలో నున్న ఆ రెంటి వేడిమియు సమానమే. థర్మామీటరు ఉంచి చూచినచో రెంటి యొద్దను ఒకే అంకె కనబడును. మఱి చేతికి భేదమేల తోచినది? మన చేయి థర్మామీటరు కాదు. తననుండి వేడి యెంత వేగముగా పోవుచున్నదో, తనకెంత వేగముగా వచ్చుచున్నదో, అంతమాత్రమే దానికి తెలియును. ఇనుము చేతి వేడిని చప్పున లాగుకొని లోపలికి గొనిపోవును. చెక్క తన పైపొరను మాత్రము వెచ్చబఱచుకొని ఊరకుండును. అదే గొళ్లెమును వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము ఎండ పడుచున్నప్పుడు ముట్టినచో చుఱుక్కుమనును. ఇప్పుడు వేడి గొళ్లెమునుండి చేతికి అంతే చప్పున వచ్చుచున్నది.

ఇక్కడ పిల్లలకు చెప్పవలసిన మాట యొకటి కలదు. "చలి లోనికి వచ్చినది" అని మనమనుచుందుము. చలి యనునది ఒకచోటినుండి మఱియొకచోటికి నడచునది కాదు. నడచునది వేడి యొకటే. అదియు తనంతట తాను ఎక్కువ వేడిగల చోటినుండి తక్కువ వేడిగల చోటికే పోవును. కనుక ఏ వింత కనబడినను "వేడి ఎక్కడినుండి ఎక్కడికి పోయినది?" అని ప్రశ్నించుట అలవాటు చేయుడు. జవాబును మీరు ముందుగా చెప్పవద్దు. పిల్లలు ఊహించి చెప్పిన పిదపనే పరీక్షించి చూపుడు. ఊహ తప్పినప్పుడే వారి కన్నులు విప్పారును.

వంటయింటి పరీక్ష యిది. సమానమైన పొడవుగల ఇత్తడి గరిటె, స్టీలు గరిటె, కొయ్య తెడ్డు తీసికొనుడు. ఒక్కొక్కదాని పైకొనకు చిటికెడు వెన్న అంటించి, అందులో నొక పెసరగింజ నదుముడు. మూటిని లోతైన పాత్రలో నిలిపి, మరుగు నీటిని మీరే పోయుడు. పిల్లలను దూరముగా నుంచుడు. ఏ గింజ ముందు జారునని పందెము వేయుడు. ఇత్తడి గరిటె గింజ ముందుగా జారును. స్టీలు గరిటె గింజ చాలసేపు నిలుచును. తెడ్డుపై గింజ కదలకయే యుండవచ్చును. లోహములన్నియు ఒక్కటే యనుకొనువారి కిది వింత. రాగి వేడిని గొనిపోవు శక్తి ఇనుమునకున్న శక్తికి సుమారు అయిదు రెట్లు. ఇప్పుడు ఇంటింట నున్న స్టెయిన్‌లెస్ స్టీలు శక్తి ఇనుము శక్తిలో అయిదవవంతు మాత్రమే. కనుకనే పలుచని స్టీలు గిన్నెలో పాలు మంట తగిలినచోట అడుగంటును. రాగి అడుగు వేసిన గిన్నెలో వేడి నలుదిక్కులకు ప్రాకి సమముగా నుండును. ఈ పరీక్ష నా కల్పన కాదు. ఇంగెన్‌హౌజ్ అను హాలెండు దేశపు వైద్యుడు పదునెనిమిదవ శతాబ్దమున లోహపు తీగెలకు మైనము పూసి, ఏ తీగెపై మైనము ఎంత దూరము కరగునో చూచి లోహముల తారతమ్యమును కనుగొనెను.

తరువాత గొంగళి. గొంగళి వేడి వస్తువా యని యడిగినచో పిల్లలు అవునందురు. రెండు సమానమైన మంచుగడ్డలు తెప్పించి, ఒకదానిని గొంగళిలో చుట్టి, రెండవదానిని ఊరక పళ్ళెములో నుంచుడు. చుట్టినదే ముందు కరగునని పిల్లలు చెప్పుదురు. అరగంట పిమ్మట విప్పి చూపుడు. చుట్టినదే ఎక్కువగా మిగిలియుండును. గొంగళి తనంతట వేడిని పుట్టింపదు. దాని నూలు నడుమ చిక్కుకొని కదలలేని గాలి, వేడిని ఇటునుండి అటు పోనీయదు. చలికాలమున మన ఒంటి వేడిని బయటికి పోనీయదు. వేసవిలో బయటి వేడిని లోనికి రానీయదు. మండుటెండలో గొఱ్ఱెల కాపరి గొంగళిని నెత్తిపై వేసికొనుట చూచి నవ్వువారు ఈ సంగతి నెఱుగరు.

మంచుగడ్డల వర్తకులు రంపపు పొట్టును, ఊకను కప్పుట కూడ ఇందులకే. 1833వ సంవత్సరమున టస్కనీ యను ఓడ అమెరికాలోని బోస్టను రేవునుండి సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలలు సముద్రముపై నడచి కలకత్తా చేరినది. చేరునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలియుండెను! భూమధ్యరేఖను రెండుమారులు దాటిన ఆ మంచును కాపాడినది అయిసుపెట్టె యంత్రము కాదు, కొయ్యపలకలు, పొట్టు, వాని నడుమ నిలిచిన గాలి. అట్టి మంచును దాచుటకు 1842లో మద్రాసు సముద్రతీరమున కట్టిన ఐస్ హౌస్, వివేకానందర్ ఇల్లమను పేరున నేటికిని నిలిచియున్నది. చెన్నపట్టణము పోవువారు పిల్లలకు చూపదగిన కట్టడము.

నీటి సంగతి క్లుప్తముగా చెప్పెదను. క్రింద మంట పెట్టినచో వేడెక్కిన నీరు తేలికయై పైకి లేచును, చల్లని నీరు దిగును. ఇట్లు నీరే నడచి వేడిని పంచును. ఎండ పైనుండి కాచినప్పుడు ఈ నడక లేదు. మధ్యాహ్నము చెరువులో దిగిన పిల్లలకు భుజములయొద్ద నీరు వెచ్చగాను, పాదములయొద్ద చల్లగాను తోచుట ఇందువలననే. కొత్తకుండ నీరు చల్లబడుటకు మాత్రము కారణము వేఱు. అక్కడ మట్టి రంధ్రములనుండి ఊరిన చెమ్మ ఆవిరియగుచు వేడిని తనతో గొనిపోవును. పొడిగాలి గల తిరువూరులో కుండ పనిచేసినంత బాగుగా ఉక్కపోత గల బందరు తీరమున పనిచేయదు. కుండకు రంగులు పూయించువారు దాని గుణమును చెఱచుకొనుచున్నారు.

ఇక ఇంటి కప్పు. వరిగడ్డి, తాటియాకు కప్పిన ఇండ్లు వేసవిలో చల్లగా నుండుటకు గడ్డిలో నిలిచిన గాలియే కారణము. ఆ ఇండ్లకు నిప్పు భయము, ఏటేట కప్పించు ఖర్చు కలవు. కనుక జనులు రేకులకు మాఱిరి. వారిని నిందింపను. అయితే పలుచని యినుపరేకు ఎండకు వెంటనే కాగి, ఆ వేడిని క్రిందనున్నవారి తలపైకి చిమ్మును. కుంపటి ప్రక్కన కూర్చున్నవానికి ముఖము కాగినట్లే యిది. ఈ విధమైన వేడికి మోసికొనిపోవు వస్తువుతో పని లేదు. సూర్యునికిని మనకును నడుమ సుమారు 15 కోట్ల కిలోమీటర్ల శూన్యమున్నను ఎండ మనల చేరుచున్నది గదా! రేకుల క్రింద పసిబిడ్డను మధ్యాహ్నము ఊయలలో పరుండబెట్టుట మంచిది కాదు. ఆ వేళ చెట్టునీడయే మేలు.

దీనికొక పరీక్ష కలదు. సమానమైన రెండు డబ్బాలు తెచ్చి, ఒకదానికి దీపపు మసి, రెండవదానికి సున్నము పూయించుడు. సమముగా నీరు పోసి, మూతలు పెట్టి యెండలో నుంచుడు. గంట తరువాత పిల్లలు వ్రేలు ముంచి చూచినను భేదము తెలియును. తెలుపు ఎండను వెనుకకు త్రిప్పివేయును, నలుపు మ్రింగును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకు మూలము ఇదియే. రేకులకు గాని, డాబాకు గాని సున్నము కొట్టించువారు శివరాత్రి వెళ్ళిన వెంటనే కొట్టింపవలెను. తొలకరి వానలకు అది కొంత కడిగిపోవును గనుక మరునాటి ఏడు మఱల పూయవలసియుండును. రేకుల క్రింద జానెడు ఎడముంచి తాటియాకు తడికె కట్టినచో, నడుమ గాలి యుండి, ఇంకను మేలు. బడి వసారాకు రేకులు వేయించు గ్రామములవారు ముందుగా ఒకే మధ్యాహ్నము తడికె కట్టిన పాకలోను, కట్టని పాకలోను థర్మామీటరు వ్రేలాడదీసి, ఆ అంకెలను పిల్లలచేతనే వ్రాయింపవలెను.